నేల, నీరు, మామిడి: నూజివీటి సీమ పలుకుబడులు చెప్పు సాక్ష్యము

మానవుని మనుగడకు నేలయు నీరును మూలాధారములనుట అందఱు నెఱిగిన విషయము. కాని ఈ రెండింటిని రెండు వేఱు వస్తువులుగా భావించుట ఇటీవలి కాలమున మనకు అలవాటైనది. పరిపాలనలో నేలకొక శాఖ, నీటికొక శాఖ, చెట్టుకొక శాఖ ఏర్పడినవి. నేలను ఎకరములలోను సెంట్లలోను కొలిచి అమ్ముదుము. నీటిని గొట్టములలోనికి తోడి వాడుదుము. ఒకదానికి కలిగిన హాని రెండవదానికి ఎట్లు సోకునో విచారింపము. తెలుగు భాష చెప్పు సాక్ష్యము దీనికి భిన్నముగా నున్నది. మన రైతులు నేలకు పెట్టిన పేళ్ళలో పెక్కు నీటిని బట్టి యేర్పడినవి. ఆ పేళ్ళు వట్టి గుఱుతులు కావు. ఒక్కొక్కటి తరతరముల అనుభవమును తనలో దాచుకొన్నది. నూజివీటి మామిడిసీమను ఉదాహరణముగా గైకొని ఈ సంబంధమును విశదీకరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

నూజివీటినే గైకొనుటకు కారణము కలదు. కృష్ణా డెల్టాలో కాలువనీరు సమృద్ధము. అచట నేల చేయు మేలు సులభముగా కంటికి కానరాదు. వానలు మిక్కిలి తక్కువగు సీమలలో నీటి కొఱతయే తక్కిన విషయములన్నిటిని మఱుగుపఱచును. నూజివీడు ఈ రెంటికి నడుమ నున్నది. ఇచట వాన మితముగా కురియును. దాపున జీవనది లేదు. కురిసిన వానలో నేల యెంత పట్టియుంచుననుదానిపై చెట్టు బ్రదుకు ఆధారపడియున్నది. కావున నేలకును నీటికిని గల పొత్తు ఇచట తేటగా కనబడును.

1. సీమ స్వరూపము

నూజివీడు చిరకాలము కృష్ణాజిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములును, అదే విభజనలో ఎన్.టి.ఆర్. జిల్లాకు చెందిన విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం మండలములును కలిసి స్వభావమునుబట్టి ఒకే మెట్టసీమ. జిల్లాల యెల్లలు మాఱినను నేల గుణము మాఱలేదు. బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసము, పెద్దరసము మొదలగు జాతుల మామిడికి ఈ సీమ ప్రసిద్ధము. వీనిలో బంగినపల్లి రాయలసీమలోని బనగానపల్లె పేరు మోయుచున్నను, ఈ ఎఱ్ఱనేలలలో స్థిరపడి నూజివీటికి కీర్తి తెచ్చినది. పట్టణమున మామిడి పరిశోధన స్థానమును కలదు.

దక్షిణమున డెల్టా. విజయవాడవద్ద 1855లో పూర్తియైన ఆనకట్టయు, పిమ్మట 1957లో దాని స్థానమున వెలసిన ప్రకాశం బ్యారేజియు కృష్ణనీటిని పల్లపు పొలములకు పంచినవి. నీరు పల్లమెఱుగునన్న సామెత ఇచట అక్షరాల నిజము. ఆ నీరు ఎత్తుననున్న నూజివీటికి ఎక్కదు. నాగార్జునసాగరు ఎడమకాలువ చివరి భాగములు ఈ మెట్టను కొంత తాకినను, తోటలలో అధికభాగము వానను, భూగర్భజలమును నమ్ముకొన్నవే. వర్షపాతము ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్లు. అందు పెద్దభాగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గల నైరృతి ఋతుపవనముల కాలముననే కురియును. తక్కిన మాసములలో చెట్టు నేలలో దాచిన తడితో కాలము గడుపవలెను.

ఈ సీమ అడుగున నున్న రాళ్ళను గుఱించి రెండు మాటలు చెప్పవలసియున్నది. తూర్పుకనుమలకు చెందిన ఖొండలైటు రాయి వేలయేండ్ల యెండవానలకు చివికి, అందలి యినుము త్రుప్పుపట్టగా, ఎఱ్ఱని గరపనేల యేర్పడినది. గరప యనగా ఇసుకయు బంకమన్నును కలిసిన నేల. ఖొండలైటుతోపాటు కొన్ని తావుల ఇసుకరాతి పొరలును కలవు. వానిలో నొకదానికి భూగర్భశాస్త్రజ్ఞులు నూజివీటికి దాపున గల గొల్లపల్లి గ్రామము పేరిట ‘గొల్లపల్లి ఇసుకరాయి’ యని నామకరణము చేసిరి. ఇసుకరాయి తన రంధ్రములలో నీటిని నింపుకొనును. ఖొండలైటు తాను నీటిని దాచలేకున్నను, దానిపై చివికిన పొర నీటిని పట్టును. ఈ సీమకు పెద్ద నీటితొట్టి యేదియని అడిగినచో, అది కాళ్ళక్రింద నున్న నేలయే యని చెప్పవలెను.

ఊరి పేరుకూడ ఈ విషయమునే సూచించుచున్నట్లు తోచును. నూజివీడు పూర్వము ‘నువ్వుచేల వీడు’ అని స్థానికులు చెప్పుకొందురు. వీడు అనగా పట్టణము, విడిది. ఇది జనశ్రుతియే కాని శాసనప్రమాణము కాదు. ధ్వనిపరిణామమును నిశ్చయముగా నిరూపింపనిదే ఈ వ్యుత్పత్తిని సిద్ధాంతముగా గైకొనరాదు. అయినను జనశ్రుతి యెన్నుకొన్న పైరు గమనింపదగినది. నువ్వు తేలికనేలలో, కొద్దిపాటి తడితో పండును. నీరు నిలిచిన చచ్చును. ఊరి పేరును వివరింపబూనిన జనులు ఆ నేలకు తగిన పైరునే స్మరించిరి.

2. నీటిని బట్టి నేలకు పేళ్ళు

తెలుగున సాగునేలకు మూడు ముఖ్యమైన పేళ్ళు కలవు: మడి, చేను, తోట. నీరు నిలువగట్టి వరి పండించునది మడి. వాననమ్మి విత్తునది చేను. నీరు పోసి పెంచునది తోట. ఈ మూడింటికిని భేదము మన్ను రంగునుబట్టి కాని, యజమానినిబట్టి కాని రాలేదు. నీరు నేలతో ఎట్లు కలియుచున్నదో దానినిబట్టి వచ్చినది. మెట్ట, పల్లము, మాగాణి యను విభాగమును ఇట్టిదే. ఎకరములలోను సెంట్లలోను చెప్పిన కొలత నేల వైశాల్యమును మాత్రమే చెప్పును. మడి, చేను అను మాటలు నేల జీవితమును చెప్పును.

మామిడి ఈ విభాగమున విచిత్రమైన స్థానమును వహించినది. దానిని తోటయనియే అందుము. నాటిన తొలి మూడునాలుగేండ్లు కడవలతో నీరు మోసి పెంచుటచేత అది నిజముగ తోటయే. కాని వేరు లోతునకు దిగిన పిమ్మట ఆ చెట్టు చేనివలె వానతడితోనే బ్రదుకును. తోటగా పుట్టి చేనుగా పెరుగుట మామిడి స్వభావము. పూర్వము ఈ సీమలో నీటివనరు కొద్దిగా నున్నను విరివిగా తోటలు వెలయుటకు ఇదియే రహస్యము.

మఱికొన్ని మాటలను పరిశీలింతము. వాన కురిసిన పిమ్మట నేల దున్నుటకు తగినంత మెత్తబడిన స్థితికి ‘పదును’ అని పేరు. నాగలికఱ్ఱు వాడిని కూడ పదునే యందుము. మిక్కిలి తడిసిన నేల బురదయై కఱ్ఱుకు అంటుకొనును. ఆఱిన నేల గడ్డలై లేచును. ఆ రెండింటి నడుమనున్న కొలది దినములే పదును. రైతు అదునును పదునును జంటగా చెప్పును: ఒకటి కాలమునకు, ఒకటి నేలలోని తడికి సంబంధించినది. వానతేదీ పంచాంగమున చూడవచ్చును; పదును మాత్రము మన్నును పిడికిట నొక్కి చూచినవానికే తెలియును.

చెట్టు మొదట నీరు నిలుచుటకు చేయు పల్లమునకు ‘పాదు’ అనియు, ‘కుదురు’ అనియు పేళ్ళు. ఈ రెండు మాటలనుండియే స్థిరత్వమును చెప్పు మాటలు తెలుగున నిలిచినవి. ఒకచోట స్థిరపడుట పాదుకొనుట. అలజడి మాని నిలుకడ చెందుట కుదురుకొనుట. నిలకడలేని పిల్లవానిని ‘కుదురులేనివాడు’ అందుము. మనుష్యుని స్థిరత్వమునకు తెలుగువారు ఎన్నుకొన్న పోలిక కోటగోడ కాదు, కొండ కాదు. వేరు చుట్టును తడి నిలిచిన పిడికెడు మన్ను. ఇంతకన్న స్పష్టముగ నేల నీరుల పొత్తును ఏ శాస్త్రగ్రంథమును చెప్పజాలదని మా యభిప్రాయము.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. ‘ఊరు’ అను నామమునకును, నీరు ‘ఊఱుట’ యను క్రియకును సంబంధము కలదనియు, నీరూఱినచోటనే ఊరు వెలసెననియు కొందఱు చమత్కారముగ చెప్పుదురు. భావము ఇంపైనదే. కాని గ్రామవాచకమున నున్నది సాధురేఫము, ఊఱుటలోనిది శకటరేఫము. ఊఱు ధాతువునుండి ‘ఊట’ యేర్పడినది. గ్రామవాచకమునుండి అట్టి రూపము రాలేదు. ఇవి రెండును వేఱు మాటలు. నీటికి నేలకు గల సంబంధమును నిరూపించుటకు నిజమైన సాక్ష్యములు చాలినన్ని యుండగా కల్పిత వ్యుత్పత్తులతో పనిలేదు.

1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. రైతుల నోటినుండి మాటలను జిల్లాలవారీగా సేకరించి, వానికి శాస్త్రీయమైన వ్యవస్థ కల్పించిన ఆ గ్రంథము తెలుగు పరిశోధనలో ఒక మైలురాయి. ఆనాడు నోళ్ళలో మెలగిన మాటలలో ఎన్ని నేడు పొలములలో వినబడుచున్నవని ప్రశ్నించుకొన్నచో, భాషకు కలిగిన నష్టముతోపాటు నేలకు కలిగిన నష్టమును బోధపడును. మోటబావి పోయిన పిమ్మట మోటకు సంబంధించిన మాటలు పోవుట సహజము. కాని పదును, ఊట, చలమ, పూడిక వంటి మాటలు మఱుగుపడినచో పోవునది పనిముట్టు పేరు మాత్రమే కాదు; నేలను చదువు విద్యయే పోవును.

3. రసా, రసము, రసాలము

అమరకోశమున భూమికి చెప్పిన పర్యాయపదములలో ‘రసా’ యనునది యొకటి. రసమనగా ద్రవము, సారము. మామిడికి ‘రసాల’మను పేరు కలదు. నేడు అంగడిలో వినబడు చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము అను పేళ్ళును ఆ మాటనే నిలుపుకొన్నవి. నేలకును, తడికిని, పండునకును మాట పొంతన ఈ విధముగ కుదిరినది. దీనినిబట్టి పూర్వులు నేటి వృక్షశాస్త్రమును ఎఱిగియుండిరనుట అతిశయోక్తి. అయినను నేలలోని తడియే పండులోని రసమగుచున్నదను భావన ఈ మాటల చేరికలో తోచుచున్నదనుట సాహసము కాదు. ఆ మార్పు ఎట్లు జరుగునో నేటి శాస్త్రము వివరించుచున్నది.

మామిడి తల్లివేరు ఐదాఱు మీటర్ల లోతువఱకు దిగగలదు. దానికి కావలసినది లోతైన, నీరు నిలువని నేల. నీరు నిలిచినచో మంటిరేణువుల నడుమనున్న గాలి వెడలిపోవును. గాలి లేక వేరు కుళ్ళును. నీరు నిలువరాదు, తడి ఉండవలెను: ఈ రెండు నియమములును ఒకదానికొకటి విరుద్ధములుగ తోచును. ఎఱ్ఱగరప ఈ రెండింటిని పొందుపఱచును. అందలి యిసుక మిగులునీటిని క్రిందికి జాఱవిడుచును. బంకమన్ను కావలసిన తడిని పట్టియుంచును. నల్లరేగడ ఇంతకన్న ఎక్కువ తడి పట్టును. కాని వానకు ఉబ్బి గాలిని మూయును, వేసవిలో నెఱ్ఱెలు విచ్చి వేళ్ళను త్రెంచును.

సంవత్సరమున చెట్టు నడకనుబట్టి చూచినచో ఈ పొత్తు మఱింత స్పష్టమగును. వానకాలమున నేల నిండును. కార్తికము దాటిన పిమ్మట పైనేల ఆఱును, చలి యెక్కువగును. ఆ దినములలో చెట్టు క్రొత్తచిగురు వేయుట మానును. ఈ యెండుదలయు చలియు కలిసి పూమొగ్గకు కారణములగును. అప్పుడు నీరు పెట్టినచో పూతకు మాఱుగా చిగురు వచ్చును. అందువలన ఎఱిగిన రైతు పూతకుముందు రెండుమూడు నెలలు నీటిని బిగబట్టును. పూత నిలిచి, పిందె బఠానీగింజంత అయిన పిమ్మట తడి యవసరము. అప్పుడు తడి చాలకున్న పిందె రాలును. పైనేల ఎండియుండవలెను, లోనేల తడిసియుండవలెను. ఈ రెండు స్థితులను ఒకేకాలమున సమకూర్చునది లోతైన నేల తప్ప వేఱొకటి కాదు. నీరు మితిమీఱినను పంటకు చేటేయను సంగతిని మామిడి ఏటేట నిరూపించుచున్నది.

ఈ నీటి పరిమాణమును లెక్కకట్టి చూతము. ఒక యెకరముపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో అది సుమారు 40 వేల లీటర్ల నీరగును. పదేసి మీటర్ల యెడమున నాటిన పాతకాలపు తోటలో ఎకరమునకు సుమారు 40 చెట్లుండును. అనగా ఒక సెంటీమీటరు వాన చెట్టొక్కటికి వేయి లీటర్లు. ఏడాది మొత్తమున 100 సెంటీమీటర్ల వాన కురిసినచో చెట్టు వంతునకు వచ్చునది లక్ష లీటర్లు. ఇదంతయు వేరునకు అందదు. కొంత ఆవిరియగును, కొంత పొరలి పోవును, కొంత వేళ్ళకు అందనంత లోతునకు దిగును. గరపనేల ఒక మీటరు మందమున చెట్టుకు అందునట్లు పట్టియుంచగలది సుమారు 10 సెంటీమీటర్ల వాన. కావున రైతు చేతిలోనున్న పని రెండు విధములు: వానను పొరలి పోనీయక నేలలోనికి దింపుట, నేల పట్టు తడిని పెంచుట.

మొదటిదానికి గట్టు, పాదు, వానకు ముందు వాలుకు అడ్డముగా దున్నుట సాధనములు. ఎఱ్ఱనేలకొక దోషము కలదు. కప్పులేని నేలపై పెద్దచినుకు పడినచో సన్నని రేణువులు చెదరి రంధ్రములను పూడ్చి, పైన పెచ్చుకట్టును. ఆపై కురిసిన వాన లోనికి దిగక మంటిని వెంటబెట్టుకొని పాఱును. రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టక చెట్టుక్రింద విడిచినచో ఆ చినుకు దెబ్బను ఆకు కాచును. రెండవదానికి జనుము, పిల్లిపెసర, జీలుగు వంటి పచ్చిరొట్ట పైరులును, పశువుల ఎఱువును సాధనములు. కుళ్ళిన ఆకును మన్నుగ మార్చునవి వానపాములును, కంటికి కానరాని సూక్ష్మజీవులును. వానికి తడి లేనిదే బ్రదుకు లేదు. అవి లేనిదే నేలకు తడి పట్టు శక్తి లేదు. నీరు నేలను బ్రదికించును, నేల నీటిని నిలుపునను మాట ఇచట అలంకారము కాదు, జరుగుచున్న పని.

4. చెఱువు: నేలకును నీటికిని ఒడంబడిక

తోటలో మిగిలి పాఱిన నీరు చెఱువు చేరును. కట్ట, తూము, కలుజు, ఆయకట్టు అను మాటలు చెఱువుతో పుట్టినవి. చెఱువు పొలములకు నీరిచ్చుటయే కాక మఱి మూడు పనులు చేయును. వరదను ఆపి మెల్లగా విడుచును. క్రిందనున్న బావులలో ఊట నిలుపును. కొట్టుకొనివచ్చిన సన్నని ఒండ్రును పట్టియుంచును. వేసవిలో చెఱువు ఎండినపుడు రైతులు ఆ పూడికమన్నును బండ్లకెత్తి పొలములకు తోలెడివారు. ఇసుకపాలు ఎక్కువగు ఎఱ్ఱనేలకు ఆ మన్ను చేయు మేలు గొప్పది. అది తడిపట్టును పెంచును, బలము నిచ్చును. పొలము పోగొట్టుకొన్న మన్ను పొలమునకే తిరిగివచ్చెడిది. చెఱువు లోతు నిలిచెడిది. ఒకే పనితో నేలయు నీరును బాగుపడెడివి.

ఈ విషయమును మన పూర్వులు ఎంత సూక్ష్మముగ ఆలోచించిరో తెలియుటకు ఈ సీమను దాటి కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెఱువు శాసనమును చూడవలెను. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన ఆ చెఱువును గుఱించి 1369 నాటి సంస్కృత శాసనము కలదు. మంచి చెఱువునకు కావలసిన 12 అంగములను, తప్పింపవలసిన 6 దోషములను అది పేర్కొనుచున్నది. అంగములలో ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రము నెఱిగిన పండితుడు, గట్టి మన్నుగల నేల, తీయనినీటి నది, కట్టుటకు తగిన రాయి, సారవంతమగు పొలము, నేర్పరులగు పనివారు చేరియున్నారు. దోషములలో కట్టనుండి నీరు చెమర్చుట, చవిటినేల, చెఱువు నడుమ మెరక, రెండు రాజ్యముల పొలిమేర, నీరు కొంచెమై పొలము పెద్దదగుట, పొలము కొంచెమై నీరు పెద్దదగుట చెప్పబడినవి. చివరి రెండు దోషములను పరికింపుడు. నీరు తక్కువగుట యెంత దోషమో, నేలకు మించి నీరుండుట అంత దోషము. చెఱువు మేలు నీటి రాశినిబట్టి కాక నీటికి నేలకు గల పొంతననుబట్టి నిర్ణయింపబడినది.

సప్తసంతానములలో తటాకమును, వనమును రెండింటిని చేర్చిన సంప్రదాయముకూడ ఇట్టిదే. చెఱువు త్రవ్వించినవాడును, తోట నాటించినవాడును కుమారుని కన్నవానితో సమానులు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాజనీతిని చెప్పుచు శ్రీకృష్ణదేవరాయలు, దేశము చిన్నదైనను చెఱువులు కాలువలు త్రవ్వించి పేదసాగుదారునకు పన్ను తగ్గించినచో ధర్మార్థములు రెండును వృద్ధిపొందునని బోధించెను. రాజ్యమునకు బలము విస్తీర్ణమున మాత్రమే లేదు, నేలకు నీటిని కూర్చుటలోను కలదని దీని సారాంశము.

5. పొత్తు చెడిన విధము

నూజివీడు జమీందారీ సీమ. జమీందారీ కాలమున చెఱువులన్నియు చక్కగ నుండెనని చెప్పుట చరిత్రకు విరుద్ధమగును. నిర్లక్ష్యము అన్ని కాలములందును కలదు. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో ఎస్టేటులలోని చెఱువులు ప్రభుత్వపరమయ్యెను. రైతునకు భూమిపై హక్కు కలిగినది. అది న్యాయమైన మార్పు. కాని చెఱువు అందఱిదియైనపుడు దాని పూడికను తీయుట యెవరిదో నిర్ణయమగుట కష్టమైనది. 1997లో నీటి వినియోగదారుల సంఘములకు చట్టము వచ్చినను ఈ ప్రశ్న పూర్తిగా తీఱలేదు.

ఇంతలో నీరు తోడు పద్ధతి మాఱినది. మోట నడచునపుడు ఎద్దు అలసట నీటి వాడుకకు మేర. ఊట తగ్గిన దినమున బావి అడుగు కంటికి కనబడెడిది, రైతు ఆగెడివాడు. నూనె యింజను, విద్యుత్తు మోటారు, గొట్టపుబావి క్రమముగా వచ్చినవి. 2004 మొదలు వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు లభించినది. ఎండిన పైరును చూచి వగచు రైతునకు అది ఊఱటయే. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని గొట్టపుబావిలో ఊట కంటికి కానరాదు. తోడువానికి నేలలో ఎంత మిగిలెనో తెలియదు. ఒకరి బావి లోతైనకొలది పొరుగువాని బావి ఎండును. అప్పుపడి మఱింత లోతునకు పోవలసివచ్చును. నేల అందఱికి నడుమనున్న చెఱువని మఱచుటయే దీనికి మూలము. నీరు గొట్టమున వచ్చుటతో పైచెఱువు అక్కఱ తీఱినట్లు తోచినది. సంచి యెఱువు వచ్చుటతో పూడికమన్ను అక్కఱ తీఱినట్లు తోచినది. నిజమునకు గొట్టపుబావిలోని నీరు ఆ చెఱువు నింపిన ఊటయే.

మెట్టలో మామిడిచెట్లు తీసివేసి, ఏడాది పొడవున నీరు కోరు ఆయిల్‌పామ్ వేయుట కనబడుచున్నది. మామిడి ధర నిలకడగా నుండకపోవుట దీనికొక కారణము. కుటుంబము గడువవలసిన రైతు ఆదాయము చూచుకొనుట తప్పు కాదు. అయినను ఎండుదలను పూతగా మార్చుకొను చెట్టు స్థానమున ఎండుదలను ఓర్వని చెట్టు నిలిచినపుడు, ఆ లోటును నేల యడుగు నీరు తీర్పవలెనని గుర్తింపవలెను. మఱియొక ప్రక్క రోడ్లకును, ఇండ్లస్థలముల మెరకకును ఎఱ్ఱమన్ను త్రవ్వి తరలింపబడుచున్నది. రెండుమూడు సెంటీమీటర్ల మన్ను ఏర్పడుటకు వేయేండ్లు కూడ పట్టవచ్చునని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెప్పుచున్నది. ఒక లారీకెత్తిన మన్ను మన మనుమల కాలమునకు కూడ తిరిగిరాదు.

ఈ హాని మెట్టలోనే నిలువదు. ఈ సీమలోని వాగులు రామిలేరు, తమ్మిలేరు, బుడమేరులలో కలియును. ఆ మూడును కొల్లేటిని చేరును. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రాంసార్ ఒడంబడిక పట్టికలో చేరిన మంచినీటి సరస్సు. మెట్టనుండి కొట్టుకొనిపోయిన మన్ను సరస్సు అడుగున చేరి దాని లోతును హరించును. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన అతివృష్టికి బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగినవి. అంతటి వానను తోటలును చెఱువులును మాత్రమే ఆపగలిగియుండెనని చెప్పజాలము. గండ్లు, ఆక్రమణలు మొదలగు కారణములును కలవు. కాని పై నేల పట్టుకొనని ప్రతి బిందువును క్రిందివారి వాకిట నిలుచునను ధర్మము మాత్రము మాఱదు. పల్లమువాని క్షేమము మెట్టవాని గట్టుపై ఆధారపడియున్నది.

6. ఉపసంహారము

2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన ఒక చట్టము పేరు నీరు, భూమి, చెట్ల చట్టము. వాల్టా యను పొడిపేరుతో అది ప్రసిద్ధము. గొట్టపుబావులకు అనుమతిని, నమోదును విధించిన ఆ చట్టము ఆచరణలో ఎంతవఱకు నెగ్గినదనునది వేఱు విచారము. దాని పేరు మాత్రము గమనింపదగినది. విడిపోయిన శాఖలను మరల ఒక మాటలో కూర్పవలసివచ్చినపుడు శాసనకర్తలు చేరుకొన్నది మన రైతు ఎన్నడో చేరిన చోటికే. 2023లో డిసెంబరు 5వ తేదీ ప్రపంచ మృత్తికా దినోత్సవమునకు నీటిని మంటిని కలిపి జీవాధారముగ ప్రకటించిన లోకసంస్థలును అదే మాట చెప్పినవి.

కర్తవ్యము లేమియని విచారించినచో, అవి కొత్తవి కావు, కష్టమైనవి మాత్రము. చెఱువు పూడికను తీసి పొలమునకు చేర్చుట, వాలుకు అడ్డముగా గట్టు నిలుపుట, ఆకును కాల్పకుండుట, ఊటనుబట్టి పైరును ఎన్నుకొనుట, 2003లో రాష్ట్రమున ఆరంభమైన సూక్ష్మసేద్య పథకమువంటి వానితో నీటిని బొట్టుగా వాడుట. ఈ చివరిదానిలో నొక మెలకువ కావలెను. బొట్టుసేద్యమున మిగిలిన నీటిని ఇంకొక యెకరమునకు పఱచినచో నేలలో మిగిలినది ఏమియు లేదు. ఆదాయైన నీరు నేలలోనే యుండుట ఆదా.

భాషాశాఖలకు కూడ ఇందు కర్తవ్యము కలదు. 1962 నాటి పదకోశమునకు వస్తువిచ్చిన తరము రైతులలో మిగిలినవారు కొలదిమందియే. మెట్టసీమలలో నేలకు, తడికి, ఊటకు గల మాటలను మరల సేకరింపవలెను. మాటను అర్థముతో మాత్రమే కాక, అది పుట్టిన పనితో, ఆ పని జరుగు ఋతువుతో, ఆ నేల గుణముతో చేర్చి వ్రాయవలెను. పదును అనగా తడి యని వ్రాసినచో నిఘంటువు నిండును. పదునును ఎట్లు గుర్తింతురో వ్రాసినచో పొలము బ్రదుకును. వ్యవసాయశాస్త్ర శాఖలవారు ఈ మాటలను చూచి తమ కొలతలతో పోల్చినచో ఉభయులకును లాభము కలుగును.

నూజివీటి బంగినపల్లిని చేతబట్టినపుడు మనము కొనుచున్నది ఒక ఋతువు వానను, అనేక సహస్రాబ్దుల మన్నును. ధర చెల్లించునది మొదటిదానికి మాత్రమే. రెండవదానికి ఋణము తీర్చు మార్గము, దానిని ఉన్నచోటనే కుదురుకొననిచ్చుట.